వేపమండ తీసేసిన అవ్వ

మా పెద్దోడి ముఖం బాగైపోయింది. పూర్తిగా బాగైపోయింది. మొన్న గురువారం డాక్టరమ్మ వాడిని కిటికీ దగ్గర నిలబెట్టి నుదురు, ముక్కు, చెవుల అంచులు, మెడ వెనక అంతా వేలితో తడిమి చూసి, ఏమీ లేదు, ఇక మందు అక్కరలేదు, ఆరు నెలలకొకసారి వచ్చి చూపించుకుంటే చాలు అంది. నేను ఆమెకు రెండు చేతులెత్తి దండం పెట్టాను. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని గుజరాతీ పెద్దమనిషికి కూడా చెప్పాను. నా హిందీ ఆయనకు ఎంత అర్థమైందో గానీ పాపం తల ఊపి సంతోషపడ్డాడు. సూరత్‌లో మేముండే ఉధ్నాలో దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా మా వరుసలోని మూడో గదికి నడిచాను. తలుపుకు తాళం ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, అవ్వ పోయి రెండు రోజులైందని.

మంగళవారం పొద్దున పోయింది. స్టవ్ మీద చాయ్ పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని, అట్లాగే పోయింది. చాయ్ మాడిన వాసన వస్తే పక్క గదివాళ్ళు తొంగి చూశారు. పాడెకు ఒక పక్క నేనే భుజం ఇచ్చాను. తాపీ నది ఒడ్డున బూడిదయ్యేదాకా నిలబడి వచ్చాను. అయినా నా కాళ్ళకు తెలియలేదు. ఇంట్లో ఏ మంచి జరిగినా ముందు ఆమెకు చెప్పడం వాటికి అలవాటు.

నేను ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. మన సంఘం పుస్తకంలో పోయినవాళ్ళ గురించి రాసేవాళ్ళు పెద్ద పెద్ద మాటలు రాస్తారు. నాకవి రావు. జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివే అన్నలూ అక్కలూ మన్నించాలి.

మా వరుసలో పన్నెండు గదులు. ఆమెది మూడోది కాబట్టి మూడో గది అవ్వ. సిరిసిల్ల దిక్కు మనిషి. భర్త సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనిచేసి, చేసి, దగ్గుతో పోయాడు. పిల్లలు లేరు. ఇంట్లోనే కూర్చుని మగ్గాలకు కండెలు చుట్టేది. ఆమె చుట్టేటప్పుడు చూపు వీధి మీదే ఉండేది. నూలులో ముడి వచ్చినా, పోగు సన్నబడినా వేళ్ళే చెప్పేవి. ముప్పై ఏళ్ళు సూరత్‌లో ఉండి గుజరాతీ ఒక్క ముక్క నేర్చుకోలేదు. కూరగాయల ఆమెతో తెలుగులో పోట్లాడేది, ఆమె గుజరాతీలో జవాబు చెప్పేది. ఆమె మనవళ్ళ సంగతి అవ్వ, అవ్వ మోకాళ్ళ సంగతి ఆమె తెలుసుకునే విడిపోయేవాళ్ళు.

ఎవరింటికొచ్చినా గడప మీదే కూర్చునేది. గడప మీద కూర్చోవద్దు అవ్వా అని ఆడవాళ్ళు అంటే, "లోపటికొస్తే పని చెప్తరు, బయట నిలవడితే చెప్పులు పోతయి, నాకిదే మంచిగున్నది" అనేది. చాయ్ సాసర్లో పోసుకుని మూడు గుక్కల్లో తాగేది. నాలుగో గుక్క మిగిలితే తిరిగి కప్పులో పోసి, నీ చాయ్ ఎక్కువైంది పిల్లా అని మా ఇంటామెకు ఇచ్చేది.

ఇంకొక పెద్ద పని ఆమెదే. మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎవరికన్నా తల్లి పోస్తే, అంటే ఒంటి మీద అమ్మవారు పోస్తే, అవ్వను పిలవాల్సిందే. గుమ్మానికి వేపమండ కట్టేది ఆమె. ఇంట్లో తాలింపు వేయవద్దని, గడ్డం గీయవద్దని, సూది మందు ముట్టవద్దని చెప్పేది ఆమె. ఏ రోజు పసుపు నీళ్ళు పోయాలో, పోశమ్మకు ఏం పెట్టాలో చెప్పేదీ ఆమె. ఆమె కట్టిన మండ ఆమె చెప్పేదాకా ఎవరూ తీసేవాళ్ళు కాదు.

ఇక మావాడి సంగతి చెప్పాలి. వాడు పుట్టుకతోనే తెల్లగా పుట్టాడు. జుట్టు, కనుబొమలు అన్నీ తెలుపే. ఒంట్లో రంగు తయారుకాని పుట్టుక అది, ఎవరి తప్పూ కాదు అని డాక్టరమ్మ తర్వాత చెప్పింది గానీ, అప్పుడు మాకు చెప్పేవాళ్ళు లేరు. చూపు కూడా తక్కువ. పదహారేళ్ళకు సాంచా మీద నిలబెట్టాను. తెగిన పోగు కనబడక గజాలకు గజాలు గుడ్డ చెడింది. సేట్ వద్దన్నాడు. నేనే బతిమాలి రంగుల కార్ఖానాలో పెట్టించాను. రంగేసిన నూలు చిలపలు, అంటే కట్టలు, డాబా మీద వెదురు బొంగులకు ఆరేయాలి, తిప్పాలి, తీయాలి. దానికి చూపుతో పెద్దగా పని లేదు. ఎండతోనే పని. వాడి ఒళ్ళు ఎండకు ఎర్రగా కమిలేది, మళ్ళీ మామూలయ్యేది. పది ఎండాకాలాలు నా కొడుకును ఆ డాబా మీద నిలబెట్టింది నేనే.

ఈ తొంభైల మొదట్లో, ఒకనాడు వాడు అవ్వకు నూలు సంచి ఇచ్చి వంగినప్పుడు ఆమె వాడి చెంప నిమిరి, బొటనవేలు అక్కడే ఆపిందట. జొన్నపొట్టు అతికినట్టు గరుకుగా మచ్చలు. మేం చెమటకు వచ్చాయనుకున్నాం, రంగు పడలేదనుకున్నాం. గీకితే పోయేవి, మళ్ళీ వచ్చేవి. అవ్వ నన్ను పిలిచి ఇది చెమటకాయ కాదని, పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పింది. నేను రేపు మాపు అన్నాను. నాలుగో రోజు ఆమె చెప్పులు వేసుకుని మా గుమ్మం ముందు నిలబడింది. ఇక నేను పోక తప్పలేదు.

డాక్టరమ్మ చిన్న ముక్క కోసి పరీక్షకు పంపింది. రంగు లేని ఒంటికి ఎండ చేసిన పని ఇది, ఇప్పటికైతే క్యాన్సర్ కాదు, ఇట్లాగే వదిలేస్తే కావచ్చు అంది. ముఖానికి పూసే మందు ట్యూబు రాసిచ్చింది. ఉదయం, సాయంత్రం, కంటికీ నోటికీ తగలకుండా పూయాలి. అది పూస్తే ముఖం ముందు చెడుతుంది, ఎర్రబడుతుంది, మండుతుంది, రసి కారి చెక్కు కడుతుంది, చెడిన చర్మం పోయి కొత్తది వస్తుంది, భయపడి మీకై మీరు ఆపవద్దు, మరీ భరించలేకపోతే నా దగ్గరికి రండి అని నాకు హిందీలో రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లు తల ఊపాను.

ఇంటికొచ్చి మా ఇంటామెకు, మంచి మందు ఇచ్చిండ్రు, తగ్గిపోతది అని మాత్రమే చెప్పాను. ముందు చెడుతుందన్న మాట మింగేశాను. ఆమె క్యాన్సర్ అన్న మాట వింటేనే కూలబడే మనిషి. చెడటం మొదలైతే అప్పుడు చెప్దాంలే అనుకున్నాను. నేను చేసిన తప్పు అదే.

వారం తిరిగేసరికి మావాడి ముఖం నిప్పుల్లో పెట్టి తీసినట్టయింది. నుదుటి మీద, ముక్కు మీద, చెంపల మీద ఎర్రటి పొక్కులు, వాటి మీద తడి. ఆ ఎండాకాలంలో మా వరుసలో ఇద్దరు పిల్లలకు తల్లి పోసి ఉంది. మా ఇంటామె వాడి ముఖం చూసి చెంపలు వేసుకుని, పోశమ్మ తల్లి వచ్చింది, ఇక మందు ముట్టవద్దు అంది. ట్యూబును గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా వెనక దాచింది. తానే వేపమండ తెచ్చి కట్టింది. నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలి? అదీగాక, నిజం రాస్తున్నాను, నాకూ భయమేసింది. నిజంగా తల్లే అయితే? అట్లా మూడు రోజులు పోయాయి.

నాలుగో రోజు అవ్వను పిలిచారు. ఆమె గడప మీద కూర్చుని వాడిని వెలుతురులోకి రమ్మంది. గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"జరమున్నదారా?"

లేదన్నాడు.

"అంగీ ఇప్పు. ఎన్కకు తిరుగు."

వీపు మీద, పొట్ట మీద, అరచేతుల్లో ఒక్క పొక్కు లేదు. అవ్వ వాడిని అంగీ తొడుక్కోమంది. ఆ తర్వాత మా ఇంటామె దిక్కు చూసి అంది.

"తల్లి వస్తే ఒళ్ళంత తిరుగుతది పిల్లా. మీరు వేలుతోని మందు రాసిన కాడికే వచ్చి ఆగుతదా? ఇది తల్లి కాదు. మందు."

అటుపైన నా దిక్కు తిరిగింది. "డాక్టరమ్మ ఏం చెప్పింది తమ్మీ? అన్నీ చెప్పు. ఒక్కటి ఇడ్శిపెట్టకు."

గడప ముందు నిలబడి, నా భార్య ముందు, కొడుకు ముందు, అన్నీ చెప్పాను. క్యాన్సర్ అన్న మాట కూడా చెప్పాను. మా ఇంటామె ఏడవలేదు. నన్ను మాత్రం ఒక చూపు చూసింది. అవ్వ అంది, "మందు మొత్తం తెచ్చినవ్, మాట సగమే తెచ్చినవ్."

లేచి చెయ్యెత్తి గుమ్మానికున్న వేపమండ తీసింది. మా ఇంటామె, వద్దవ్వా, తల్లికి కోపమొస్తదేమో అని చెయ్యి పట్టుకుంది. అవ్వ ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుంది. "తల్లికి నేను చెప్పుకుంట. తప్పయితే నా మీదికి రానీ, మీ మీదికెందుకొస్తది?" అని, ఆ మండను తీసుకుపోయి తన గుమ్మానికి కట్టుకుంది. పుట్టినప్పటి నుంచి పోశమ్మను మొక్కిన మనిషి ఆమె. ఆమెకు భయం లేదని నేననుకోను. ఆ మండ కట్టేటప్పుడు ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఎండి రాలిపోయేదాకా అది ఆమె గుమ్మానికే ఉంది.

మరునాడు పొద్దున్నే దవాఖానకు పోయాం. డాక్టరమ్మ చూసి, మందు సరిగ్గా పనిచేస్తోంది, పోయిన రోజులు పోయాయి, మళ్ళీ మొదలుపెట్టండి, ఎండలోకి మాత్రం పోనివ్వవద్దు అంది. ఈసారి ఇంటికొచ్చి, మధ్యలో డాక్టరమ్మ ఆవులించిన సంగతి కూడా చెప్పాను.

ఆ తర్వాతి వారాలే కష్టమైనవి. పూసేది నేనే. పూసి సబ్బుతో చేతులు కడుక్కునేవాణ్ణి. వాడు పళ్ళు బిగించేవాడు. దిండుకు ముఖం అతుక్కునేది. నవ్వితే చెక్కు పగిలేది కాబట్టి వాడిని నవ్వించవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. ఆ మాట వినని మనిషి అవ్వ ఒక్కతే. రోజూ మధ్యాహ్నం నూలు తెచ్చుకుని మా గడప మీద కండెలు చుడుతూ, "తెల్లగున్నోనివి ఎర్రగయినవ్, ఇంకో రంగు ఎక్కితే మా లెక్క అయితవ్, అప్పుడు నిన్నెవరు గుర్తు పడ్తరురా" అనేది. వాడు నవ్వు ఆపుకోలేక, అబ్బా అని చెంప పట్టుకుని, అయినా నవ్వేవాడు.

ఒకరోజు వాడు అద్దంలో చూసుకుని, "బాపూ, సాలు. ఇగ నాతోని కాదు" అన్నాడు. నేను చెప్పాల్సిన ధైర్యం చెప్పాను, వాడు వినలేదు. అవ్వ అద్దం తీసుకుని తన సంచిలో వేసుకుంది. "నీ మొఖం నువ్వు చూడకు. నేను చూస్తున్న గద. ఎట్లున్నదో దినాం నేనే చెప్త" అంది.

చెప్పింది కూడా. మేమంతా రోజూ తగ్గుతోంది, తగ్గుతోంది అనేవాళ్ళం. ఆమె మాత్రం నిన్నటికన్నా ఇయ్యాల ఎక్కువున్నది అని చెప్పేది. గట్లనే ఉన్నది అని చెప్పేది. అందుకని ఒకనాడు ఆమె, "ముక్కు పక్కపొంటి అంచు ఎండింది, లోపట కొత్త తోలు కనవడుతున్నది" అన్నప్పుడు వాడు నమ్మాడు. మేం అని ఉంటే నమ్మేవాడు కాదు. మందు ఆపమన్న రోజు వచ్చింది, చెక్కులు రాలాయి, కింద అప్పుడే పుట్టిన పిల్లకున్నట్టు గులాబీ రంగు చర్మం. మా ఇంటామె ఆ చెంపను ముట్టుకోవడానికి భయపడి చేతులు వెనక్కు కట్టుకుని నిలబడింది.

వాడిని మళ్ళీ డాబా ఎక్కనివ్వలేదు. ఏం పని చేస్తాడని నేను దిగులు పడుతుంటే, అవ్వ వాడిని తన గదిలో కూర్చోబెట్టి కండెలు చుట్టడం నేర్పింది. కళ్ళు మూసుకోమని, నూలును వేళ్ళతో వినమని చెప్పేదట. ఇప్పుడు మావాడు చుట్టిన కండెలు కావాలని రెండు షెడ్ల వాళ్ళు అడుగుతారు. తర్వాత రెండుసార్లు చెవి మీద, మెడ మీద మచ్చలొచ్చాయి, మళ్ళీ ట్యూబు పూశాం, మళ్ళీ ఎర్రబడింది. ఎవరూ జడుసుకోలేదు. రోజూ ఎట్లుందో ఆమె చెప్పేది, మేం వినేవాళ్ళం.

పోయిన వారం ఆమె నాతో, గురువారం దవాఖాన గద, ఆమె ఏమన్నదో వచ్చి చెప్పు అంది. సరేనన్నాను.

నాకు సంతోషం ఆగడం లేదు, దుఃఖమూ ఆగడం లేదు. రెండూ ఒక్క వారంలోనే వచ్చాయి. ఇక కబురు చెప్పాల్సినవాళ్ళు ఉన్నారు. సిరిసిల్లలో అవ్వ తమ్ముడు, తంతి ఇచ్చాం గానీ అందిందో లేదో. పదకొండో రోజుకన్నా రావాలి. భివండీలో అవ్వ ఆడబిడ్డ. జోల్వాలో మా తమ్ముడు, వాడి భార్య, వాళ్ళు మావాడి కోసం మొక్కుకున్నారు. ఇక్కడికి దగ్గరే, ఉన్ అనే ఊళ్ళో మా మేనత్త కొడుకు, పెళ్ళికి పిలిచి మావాడిని మాత్రం ముఖం బాగయ్యాక తీసుకురమ్మన్నవాడు, అతనికి తప్పకుండా చెప్పాలి. కరీంనగర్‌లో మా వదిన. వీళ్ళందరికీ కార్డులు రాస్తాను.

షోలాపూర్‌లో మా చెల్లెలికి మాత్రం కార్డు కాదు, ఇవాళే ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, ఎండ సంగతి మొత్తం చెప్పాలి. ఆమెకు పోయిన నెల మనవరాలు పుట్టింది. మావాడిలాగే తెల్లగా ఉందట, వెంట్రుకలతో సహా. రోజూ పొద్దున ఒంటినిండా నూనె రాసి, పాత చీర మడత మీద వాకిట్లో ఎండకు పడుకోబెడుతున్నారట. అది వెలుతురుకు కళ్ళు చికిలించి, కాళ్ళు ఆడిస్తూ ఉంటుందట.