ఖీమాలో గాజుపెంకు

మా మామ పళ్లకు కట్టిన తీగలు విప్పేసిన మూడో రోజున మాంసం కావాలని అడిగాడు. అప్పటికింకా ఆయన నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకునేది కాదు. పళ్ల సందులోంచే మాటలు వచ్చేవి.

"గంజి తాగి తాగి నాలుక సచ్చిపోయింది. జెర కూర పెట్టుండ్రి" అన్నాడు.

దానికి రెండు నెలల ముందు, పద్మనగర్‌లో ఆయన పనిచేసే బట్టల కార్ఖానాలో, నడుస్తున్న సాంచా, అంటే మరమగ్గం, మీంచి నాడె ఎగిరొచ్చి ఆయన కుడి దవడకు తగిలింది. పడుగు మధ్యలో అటూ ఇటూ పరిగెత్తే చెక్క నాడె అది, రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. దవడ ఎముక రెండు చోట్ల విరిగింది. పక్కనున్న ఠాణా పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే పైపళ్లకూ కిందిపళ్లకూ కలిపి తీగలు బిగించి పంపారు. అప్పటినుంచి గంజి, పాలు, పప్పుకట్టు, అన్నీ గొట్టంతో పీల్చడమే. మనిషి సగమయ్యాడు. ప్యాంటు జారిపోతోందని లుంగీకి మారాడు.

ఆయనకు దెబ్బ తగిలిన రోజు పొద్దున ఇంకొకటి జరిగింది. నేను అంట్లు తోముతుంటే నా ఎడమచేతి గాజు నల్లాకు తగిలి పగిలింది. పగిలింది అని మా అత్త అనదు, పెరిగింది అంటుంది. పగలడం అన్న మాట నోటితో పలకకూడదట. అప్పుడు ఆవిడ చూసింది, ఏమీ అనలేదు. వారం తర్వాత గదులన్నిటి ముందు వసారాలా ఉండే గ్యాలరీలో పక్కింటావిడతో చెప్తుంటే తలుపు వెనక నుంచి విన్నాను.

"పొద్దుగాల కోడలి చేతి గాజు పెరిగింది. పది కొట్టంగనే ఈయనకు గిట్లయింది. ఇగ నేనేమనాలె, చెప్పు?"

నేను విన్నానని ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. చెప్తే తల్లీకొడుకుల మధ్య గొడవవుతుంది, మంచంలో ఉన్న మనిషికి అది ఇంకో బాధ. కానీ ఆ రోజు నుంచి ఆ ఇంట్లో గిన్నె కింద పెట్టినా చప్పుడు కాకుండా పెట్టేదాన్ని. తీగలు విప్పి మామను ఇంటికి తెచ్చిన రోజు అత్త తన మొక్కు ఉందని నన్ను గాజుల దుకాణానికి తీసుకెళ్లి రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు వేయించింది. చేతికి ఏడు చొప్పున. "ఇవి పైలం" అంది. అంతే.

మెత్తటివి పెట్టండి, గట్టిగా నమలనివ్వకండి అని డాక్టరు చెప్పాడు. మాంసం ముక్క ఎంత ఉడికించినా పీచు పీచుగానే ఉంటుంది. ఫోన్లో వెతికితే ఒకావిడ ఖీమాను ఉండలు చేసి టమాటా రసంలో ఉడికించడం కనిపించింది. చెంచాతో నొక్కితే ఉండ విడిపోతోంది. అత్తకు చూపించాను. చివరిదాకా చూసి, "మసాలలు తక్కువెయ్యి, ఆయన నోట్లె ఇంకా పుండున్నది" అంది. అంటే ఒప్పుకున్నట్టే.

మరునాడు పొద్దున్నే మా ఆయన ధామన్కర్ నాకా కూడలి దాకా వెళ్లి ఖీమా తెచ్చాడు. రెండుసార్లు మెషిన్లో వేయించమని నేనే చెప్పాను. మధ్యాహ్నం భోజనానికి వస్తానని చెప్పి పనికి వెళ్లాడు. మామ తొమ్మిది గంటలకే గడ్డం గీసుకుని, గాయపు మచ్చ చుట్టూ జాగ్రత్తగా తుడుచుకుని, వంటింటి గుమ్మం కనిపించేలా కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

రెండు పావు రొట్టెల నడిమి మెత్తటి భాగం తీసి పాలల్లో నానబెట్టాను. టమాటాలు ఉడికించి, తోలు తీసి, మిక్సీలో తిప్పాను. వెడల్పాటి స్టీలు తాంబాళంలో ఖీమా వేసి, పిండిన రొట్టె, అల్లం వెల్లుల్లి ముద్ద, ఉప్పు, బాగా సన్నగా తరిగిన కొత్తిమీర కలిపి పిసకడం మొదలుపెట్టాను. ఎంత పిసికితే అంత మెత్తగా వస్తాయని ఫోన్లో ఆవిడ చెప్పింది. మణికట్టు నొప్పి పుట్టేదాకా పిసికాను. మా గది కిందే సాంచాల కార్ఖానా. పొద్దుటి నుంచి ఆ మోత నేలలోంచి కాళ్లలోకి వస్తూనే ఉంటుంది, పక్కన ఎవరైనా మాట్లాడినా గొంతు పెంచాలి. నిమ్మకాయంత ఉండలు చేశాను. ఇరవై రెండు వచ్చాయి. రెండు చెవుల గంజు పొయ్యి మీద పెట్టి, నూనెలో వెల్లుల్లి వేయించి, టమాటా రసం పోసి, అది తుకతుకమన్నాక ఉండలు ఒక్కొక్కటీ జారవిడిచి మూత పెట్టాను.

చేతులు కడుక్కుంటుంటే కుడిచెయ్యి తేలికగా అనిపించింది. గాజులు లెక్కపెట్టాను. ఆరున్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. ఎడమచేతికి ఏడు, కుడిచేతికి ఆరు.

నేల మీద, తాంబాళం పెట్టిన చోట, ఒక ముక్క కనబడింది. ఇంకొకటి నా చీర కుచ్చిళ్లలో. మూడోది తాంబాళం అంచుకు ఖీమాతోపాటు అంటుకుని ఉంది. పిసుకుతున్నప్పుడు ఆ అంచుకే తగిలి ఉంటుంది. కింది మోతలో నాకు వినబడలేదు. మూడు ముక్కలూ కడిగి, వంటగట్టు మీద ఉప్పు డబ్బా వెనక గుండ్రంగా పేర్చాను. రెండు కొసలు కలవలేదు. మధ్యలో చిటికెనవేలి గోరంత ఖాళీ.

నేల మీద చేత్తో తడుముతూ మూలమూలా వెతికాను. కుచ్చిళ్లు దులిపాను. సింకు జాలీ విప్పి చూశాను. ఎక్కడా లేదు. మూత తీసి గంజులోకి చూశాను. ఎర్రటి రసం, అందులో గోధుమరంగు ఉండలు, ఉండల నిండా ఆకుపచ్చ కొత్తిమీర. గాజు కూడా అదే ఆకుపచ్చ.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. గుమ్మం దాటి అయిదడుగులు వేస్తే అత్త ఉంది. గాజు పగిలిందని చెప్పాలి, అదీ మామ మొదటిసారి అన్నం ముందు కూర్చునే రోజున, ఆవిడ మొక్కుకుని వేయించిన గాజు. గ్యాలరీలో విన్న ఆ మాటే నా చెవుల్లో తిరుగుతోంది. ఈసారి నా ముఖం మీదే అంటుంది అనుకున్నాను. గంజు చెయ్యి జారినట్టు కింద పడేద్దామనుకున్నాను. గుడ్డతో రెండు చెవులూ పట్టుకుని పైకెత్తాను కూడా. కుర్చీలోంచి మామ నన్నే చూస్తున్నాడు. దించేశాను.

అత్త లోపలికి వచ్చింది. "ఏందే, ఇంకెంతసేపు? ఆయన పొద్దటి సంది పాలు సుత తాగలే."

"ఉడుకుతున్నయ్ అత్తా" అన్నాను. ఉప్పు డబ్బాను ముక్కల ముందుకు జరిపాను.

ఆవిడ అటు తిరగగానే గరిటెతో ఉండలు చిదపడం మొదలుపెట్టాను. అన్నీ చిదిపేస్తే ఎక్కడో తళుక్కుమంటుందని ఆశ. రెండు చిదిపానో లేదో వెనక నుంచి చెయ్యి పడింది.

"గట్ల చిదుముతవేంది? ఉండలుండలుగ తింటనని ఆయన గంటసేపటి సంది కూసున్నడు" అంటూ గరిటె లాక్కుంది. అప్పుడే మా ఆయన మెట్లెక్కి వచ్చాడు. అత్త పళ్లెంలో మెత్తగా ఉడికిన అన్నం పెట్టి, పైన మూడు ఉండలు, రెండు గరిటెల రసం వేసి బయటికి తీసుకెళ్లింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

మామ మెడకు తువ్వాలు కట్టుకుని పళ్లెం ఒళ్లో పెట్టుకున్నాడు. ఒక ఉండను వేళ్లతో సగం చేశాడు. ఊదాడు. తల కాస్త పక్కకు వంచి, పళ్ల సందులోంచి ఆ సగాన్ని మెల్లగా లోపలికి తోసుకున్నాడు. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"తినొద్దు మామా!" అని అరిచాను. "నమలొద్దు! దాంట్ల గాజుపెంకున్నది!"

మామ దవడ ఆగిపోయింది. ఉమ్మేద్దామంటే ఆయన నోరు తెరుచుకోదు. మా ఆయన పరిగెత్తి బకెట్ తెచ్చి ముందు పెట్టాడు. మామ ముందుకు వంగి, నాలుకతో కొంచెం కొంచెం ముందుకు తోస్తూ, రెండు వేళ్లతో పట్టి లాగుతూ బయటికి తీశాడు. అత్త ఆయన వీపు మీద చెయ్యి వేసి "నమలకు, మింగకు, మెల్లగ, మెల్లగ" అంటూనే ఉంది. చివరకు నీళ్లు పుక్కిలించాడు. నీళ్లు ఎరుపుగా వచ్చాయి. టమాటా రసమే అది. రెండోసారి పుక్కిలిస్తే తెల్లగా వచ్చాయి. మా ఆయన ఫోన్ టార్చి వేసి నోట్లోకి చూశాడు. గాటు లేదు.

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు.

"ఎప్పుడు సూసినవ్?" అంది అత్త.

"ఉండలేసినంక. చేతులు కడుక్కునేటప్పుడు."

"అప్పటి సంది నోరు మూసుకొని నిలబడ్డవా?"

"నోరు లేదా నీకు?" అన్నాడు మా ఆయన. పెళ్లయి తొమ్మిదేళ్లయినా ఆయన నాతో అంత కటువుగా ఎప్పుడూ మాట్లాడలేదు. మీరేమంటారోనని భయపడ్డాను అని చెప్పాలంటే, ఎందుకు భయపడ్డానో కూడా చెప్పాలి.

నా మీద ఇంకో మాట పడుతుందని తల వంచుకున్నాను. అత్త ఆ మాట అనలేదు. వంటింట్లోకి వెళ్లి, నేల మీద కూర్చుని, పెద్ద పళ్లెం ముందు పెట్టుకుంది.

"గంజు ఇటు తే. ఇంకేడబోతది, దీంట్లనే ఉంటది."

ఎదురుగా కూర్చున్నాను. ఒక ఉండ ఆవిడ, ఒక ఉండ నేను. వేళ్ల కొసలతో విడదీసి, పళ్లెం మీద పలచగా అదిమి, మా ఆయన పైనుంచి టార్చి పట్టుకుంటే చూసి, పక్కకు నెట్టడం. వేడికి వేళ్లు మండుతున్నాయి. కొత్తిమీర కనబడినప్పుడల్లా ఆగి గోటితో గీకి చూడటం. కింద సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. మామ కుర్చీని గుమ్మం దగ్గరికి జరుపుకుని చూస్తున్నాడు. పది అయ్యాయి. పదిహేను అయ్యాయి. దొరకకపోతే అది ఆయన కడుపులోకి వెళ్లినట్టేనా అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

పదహారో ఉండను అత్త విడదీస్తుండగా "స్స్" అంది. చెయ్యి పైకెత్తింది. చూపుడువేలి కొసన రక్తం చుక్క. ఆ వేలూ బొటనవేలూ కలిపి ఆ పెంకును వదలకుండా పట్టుకుంది. లేచి, నల్లా కింద కడిగి, "మిగతయి ఏడున్నయ్?" అని అడిగింది. ఉప్పు డబ్బా జరిపాను. ఆవిడే ఖాళీలో పెట్టింది. రెండు కొసలూ సరిగ్గా కలిశాయి. మా ఆయన టార్చి ఆపి అక్కడే గోడకు ఆనుకున్నాడు.

"ఇగ తినొచ్చు గదా?" అన్నాడు మామ ఆశగా.

"ఏం తినుడు! సన్నపొడి గూడ ఉండొచ్చు" అని అత్త మొత్తం కూరను పాత పాలిథిన్ సంచుల్లో వేసి, వీధికుక్కలు చింపకుండా రెండు ముళ్లు వేసి కట్టింది. ఆ రోజు మామ పాలల్లో పిసికిన అన్నమే తిన్నాడు. తిన్న గిన్నె తనే లేచి నల్లా కింద పెట్టాడు. అది నాకు తిట్టు కన్నా ఎక్కువ బాధగా ఉండింది.

మా ఆయన పనికి తిరిగి వెళ్లాక అత్తా నేనూ గిన్నెలు కడిగాం. ఆవిడ వేలికి గుడ్డపీలిక కట్టుకుంది. నేను తోముతుంటే ఆవిడ నీళ్లు పోస్తోంది. నా వైపు చూడకుండానే అంది:

"గ్యాలరీల నేనన్న మాట నువ్విన్నవని నాకెర్కే. తలుపు కింద నీ కాళ్లు కనబడ్డయ్."

నేను తోమడం ఆపాను. ఇంకా ఏదైనా అంటుందని చూశాను. తప్పన్నానని గానీ, నిజమే అన్నానని గానీ ఆవిడ అనలేదు. నేనూ అడగలేదు. గంజు అడుగున మాడిన టమాటాను వేలితో చూపించి, "గక్కడ ఇంకా ఉన్నది" అంది. నేను తోమాను.

ఆ తర్వాత మూడు రోజులు మామ పొట్ట మీద చెయ్యి వేసుకున్నా నేను పని ఆపి ఆయన ముఖం చూసేదాన్ని. ఆయనకేమీ కాలేదు.

వారం తిరక్కుండానే అత్తే మళ్లీ ఖీమా తెప్పించింది. నేను తాంబాళం ముందు కూర్చోగానే వచ్చి, నా రెండు చేతుల గాజులూ మోచేతి వైపు తోసి, పాత చీరపీలికతో కదలకుండా గట్టిగా చుట్టి కట్టింది. పిసికినంతసేపూ పక్కనే పీట వేసుకు కూర్చుంది. ఉండలు చేసేటప్పుడు తనూ చెయ్యి వేసింది, తన గాజులు కూడా కట్టుకుని. ఆవిడ చేసినవి పెద్దవి, నావి చిన్నవి. రసంలో వేశాక ఏది ఎవరిదో తెలుస్తూనే ఉంది.

మామ పళ్లెం ఒళ్లో పెట్టుకున్నాడు. మొదటి ఉండను సగం చేశాడు, ఊదాడు, నోట్లో పెట్టుకున్నాడు. నేనూ అత్తా గుమ్మంలో చెరోవైపు నిలబడి ఆయన దవడ కదలడమే చూస్తున్నాం. కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. ఆయన కళ్లెత్తి మా ఇద్దరినీ చూశాడు.

"గట్ల గుడ్లప్పగించి సూస్తే ఎట్ల మింగాలె? పోయి మీరు గూడ తినుండ్రి."

అత్త వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. ఆయన నాలుగు ఉండలూ తిని, నీళ్లు తాగి, పళ్లెం కింద పెట్టేదాకా అక్కడే నిలబడ్డాం.