చిన్నపిన్నికి ఇచ్చిన పండు

ఎవరైనా కమలాపండు ఒలిస్తే ఆ వాసనకి నాకు చిన్నపిన్ని గుర్తొస్తుంది.

అప్పుడు నాకు ఆరేళ్లు. క్రిస్మస్‌కి కుటుంబమంతా రాజాం దగ్గర తాతయ్య ఇంట్లో చేరేవాళ్లం. భోజనాలకు ముందు ఒక్కో ఇంటివాళ్లు లేచి, ఆ ఏడాది దేవుడు చేసిన మేలు చెప్పాలి. పెద్దమావయ్య స్లాబు వేశాడు. పెద్దమ్మ కొడుక్కి ఇంజనీరింగ్ సీటొచ్చింది. చిన్నపిన్ని వంతు రాగానే మాత్రం తాతయ్యే లేచి కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, వచ్చే యేడైనా మా అమ్మికి గర్భఫలం ఇయ్యి తండ్రీ!"

ఆయన చెంపల మీద కన్నీళ్లు కారాయి. అందరూ ఆమెన్ అన్నారు. పిన్ని తల దించుకుంది.

ఫలమంటే పండని బడిలో చెప్పారు. ఒక్క పండు కోసం ఇంత ఏడుపెందుకో నాకు అర్థం కాలేదు. సండే స్కూల్లో ఇచ్చిన కమలాపండు తీసుకెళ్లి పిన్ని ఒళ్లో పెట్టాను.

"ఏటే ఇది?"

"పండు నేదని తాతయ్య ఏడుస్తన్నాడు కదా పిన్నీ. నాది తీసీసుకో."

అమ్మ నా రెక్క పట్టుకుని లాగింది. చేసిన తప్పేమిటో తెలియక ఏడుపు అందుకున్నాను.

"దాన్నేటీ అనకప్పా," అంది పిన్ని అమ్మతో. పండు ఒలిచి సగం నా నోట్లో పెట్టి లేచి నిలబడింది.

"నాన్నా, నా సంగతి నాను సెప్తాను. ఈ యేడు టైలరింగ్ షాపు ఎట్టినాను. పండక్కి ఊపిరాడనంత పనొచ్చినాది."

ఆమెన్ అనాలో వద్దో తెలియక తాతయ్య వైపు చూశాను.

"షాపా? ఎక్కడే అమ్మీ?" అన్నాడాయన.

షాపు తెరిచి అప్పటికే ఎనిమిది నెలలు. అన్నాళ్లూ ఏం చేస్తున్నావని ఆమెను అడిగినవాళ్లు లేరని నాకు పెద్దయ్యాకగానీ తెలియలేదు.