డ్రిల్లు మాస్టారి పెసల మూట

కిందటి వారం రాయదుర్గంలో మెట్రో దిగుతుంటే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వార్త వచ్చింది. పై అంతస్తులో ఉండే డ్రిల్లు మాస్టారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. ఎస్కలేటర్ నన్ను కిందికి దించేసింది గానీ ఎటు వెళ్లాలో తోచలేదు. అద్దాల మేడలు సగం మబ్బులో ఉన్నాయి, జనం వాటిలోకి నడిచి మాయమైపోతున్నారు. ఆ పొద్దున నాకు ఈల వినిపించలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

మీకు ఆయన తెలియరు కాబట్టి ఈల సంగతి చెప్పాలి. తెలంగాణ పల్లెల బడుల్లో పిల్లల చేత డ్రిల్లు చేయించి రిటైరై, నిజాంపేటలోని మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారాయన. ఒంటరి మనిషి. బడిపిల్లలు లేకపోతేనేం, మేం ఉన్నాం కదా అనుకున్నారు. రోజూ పొద్దున్నే డాబా మీద ఈల ఊదేవారు. సగం నిద్రలో అది వింటే, నేనెప్పుడూ చూడని ఏదో బడికి ఆలస్యమైపోతున్నట్టు ఉండేది. పైకి వెళ్లినవాళ్ల చేత గుంజీలు తీయించి, తర్వాత గుప్పెడు మొలకెత్తిన పెసలు చేతిలో పోసేవారు. ఆ పెసల మూట బట్టలు ఆరేసే తీగకు తడితడిగా వేలాడుతుండేది.

లిఫ్టులో ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న. "పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?" ఇడ్లీ సాంబారు అంటే ఊరుకోరు. "సాంబారుల పప్పు ఉన్నదా, నీళ్లేనా?" మా కంచాలను చూసి వెక్కిరించేవారు. "అన్నం గుట్ట పోసుకుంటరు, పప్పు బొట్టు పెట్టుకుంటరు. గిట్లయితే కండ ఏడికెల్లి వస్తది?" జిమ్ముకెళ్లే కుర్రాళ్ల ప్రోటీన్ పొడి డబ్బాలను మాత్రం తిట్టేవారు కాదు. "అది గూడ తిండే. కానీ నమిలితే తిన్నట్టుంటది" అనేవారు.

మా పాపకు అప్పుడప్పుడే నడక వస్తున్న రోజుల్లో నాకు కడుపు ఆపరేషన్ అయింది. అమ్మ భీమవరం నుంచి వచ్చి పథ్యం మొదలుపెట్టింది. మా వైపు పథ్యం అంటే తెలుసుగా, చారన్నం, కారప్పొడి. పప్పు తింటే కుట్లు చీము పడతాయని అమ్మ నమ్మకం. కుట్లు మానాయి. పాపను ఎత్తుకోవచ్చని డాక్టరు చెప్పారు. అమ్మ పథ్యం మాత్రం విడవలేదు. పాపను ఎత్తబోతే నా చేతులు వణికేవి. అది చేతులు చాపుతూ నా దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, అమ్మమ్మ వైపు తిరిగేది. కొన్నాళ్లకు అడగడమే మానేసింది.

ఒకరోజు మాస్టారు గిన్నె పట్టుకుని వచ్చారు. "పప్పు వద్దండీ మాస్టారూ" అంది అమ్మ.

"పప్పు కాదు చెల్లె, పెసరకట్టు. పప్పు మీది తేట. జరంత తాగనియ్యి."

కట్టు పథ్యానికి చెరుపు కాదు గనుక అమ్మ ఒప్పుకుంది. మర్నాడు కట్టు కాస్త చిక్కగా వచ్చింది. ఆ మర్నాడు ఇంకాస్త. వారం తిరిగేసరికి గిన్నెలో ఉన్నది ముద్దపప్పే. అమ్మ గరిటె పెట్టి చూసి, "ఇది పప్పేనండీ" అంది.

"అవు చెల్లె. కుట్లు మంచిగనే ఉన్నయి గద? డాక్టరు వద్దన్నడా?"

"ఆయన అన్నీ తినమన్నారండీ. మేమే..."

"సామాను ఇయ్యకుంట మేస్త్రిని గోడ కట్టుమంటే ఎట్ల కడ్తడు?"

అమ్మ నవ్వేసింది. ఆ సాయంత్రం తనే కుక్కర్లో కందిపప్పు పడేసింది.

"తిని పండుకుంటే పొట్ట వస్తది" అని మాస్టారు నన్ను డాబా ఎక్కించారు. కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేవమనేవారు. నీళ్ల సీసాలు ఎత్తించేవారు. నేను తొందరపడితే, "పిండి కొద్దీ రొట్టె" అని ముందు పెసలు నమిలించేవారు. పొద్దుటి పూట దూరాన హైటెక్ సిటీ మేడలు నీళ్లలో ఉన్నట్టు కదిలేవి. పాప మూట కింద కూర్చుని, రాలే చుక్కల్ని అరచేత పట్టేది.

అలాంటి ఒక పొద్దున నేను వంగి దాన్ని ఎత్తుకున్నాను. చేతులు వణకలేదు. పాప నా మెడ చుట్టూ చేతులు వేసి, మొహంలోకి అనుమానంగా చూసింది. మాస్టారు చిన్నగా ఒక ఈల ఊదారు. "ఇగ దించు. రేపు గూడ ఎత్తాలె" అన్నారు. నా కూతుర్ని నా చంకలోకి తిరిగి తెచ్చిపెట్టింది ఆయనే. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు, అంటే గుప్పెడు పెసలు చేతిలో పోసి మాట మార్చేసేవారేమో.

మాస్టారు పోయిన రోజు మధ్యాహ్నమే తమ్ముడి పిల్లలు వచ్చి ఆయన్ని సొంతూరికి తీసుకెళ్లారు. నిన్న పొద్దున పాపతో డాబా మీదికి వెళ్లాను. తీగకు మూట అలాగే ఉంది. వానజల్లులకు తడిసి, పెసలు బట్టలోంచి తెల్లటి మొలకలు బయటికి చాపాయి. కొసన చిన్న చిన్న ఆకులు. "నాకు అందట్లేదమ్మా" అంది పాప. ఎత్తుకున్నాను. ఒక్కో ఆకునూ వేలితో తాకుతూ చాలాసేపు చూసింది. ఇప్పుడు బాగా బరువెక్కింది. చేతులు లాగుతున్నా, ఇగ దించు అనే గొంతు వినిపిస్తుందేమోనని అలాగే ఎత్తుకుని నిల్చున్నాను.