గాలి నిలవని ఇంజన్

లింగాల ఘనపూర్ పెద్ద పటేలు కొడుకు విద్యాసాగర్ పటేల్గిరి చేయడానికి పుట్టలేదని ఊళ్ళో అందరికీ తెలుసు, వాళ్ళ బాపుకు తప్ప. తెలిసినా ఆయన ఒప్పుకునే రకం కాదనుకోండి, అది వేరే సంగతి.

అరవై తొమ్మిదిలో విద్యాసాగర్ వరంగల్‌లో మెకానికల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాడు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది, కాలేజీలకు తాళాలు పడ్డాయి. అందరితో పాటు తనూ జెండా పట్టుకుని తిరిగి, వీపు మీద లాఠీ దెబ్బ కూడా తిని, కాలేజీ తెరిచేదాకా నాలుగు రోజులు ఇంటిపట్టున ఉందామని వచ్చాడు. ఆ నాలుగు రోజులు ఎంతకీ తెమలలేదు. కాలేజీ తెరిచే వేళకు బాపుకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది.

"నేను లేచేదాక జర చూసుకో, బిడ్డా," అన్నాడాయన వంకరపోయిన నోటితో.

ఆయన లేవలేదు. శిస్తు వసూళ్ళు, గట్ల తగాదాలు, తాసీల్దారు జీపు వస్తే ఎదురెళ్ళి నిలబడడాలు, అన్నీ బాపు పేరుతో కొడుకు నెత్తిన పడ్డాయి. నిన్నటిదాకా "సాగరూ" అని పిలిచినవాళ్ళు "పటేలా" అని పక్కకు జరిగి నిలబడేవాళ్ళు. ఆ పిలుపు వింటే అతనికి ఊపిరాడేది కాదు. ఎవరితో చెప్పుకుంటాడు? ఇంత భూమి ఉన్నవాడికి ఊపిరాడకపోవడమేమిటని నవ్వి పోరూ?

అందుకే ఇంజన్ మొదలుపెట్టాడు. వడ్ల కొట్టంలో ఒక మూల బల్ల వేసుకుని, చెంబంత ఇంజన్. ఒక సిలిండరు, అందులో పిస్టన్, పైన గాలి పీల్చేదొకటి, పొగ వదిలేదొకటి రెండు వాల్వులు, పక్కన చక్రం. అచ్చం పెద్ద ఇంజన్‌లాగే పెట్రోలుతో నడవాలి. జనగామలో లేతు మిషను నడిపే శ్రీశైలం దగ్గర కూర్చుని ఒక్కొక్క ముక్కా చెక్కించుకొచ్చేవాడు.

"నన్ను చేసుకున్ననాడు గూడ నీ మొఖం గింత వెలగలే," అని దెప్పేది అతని భార్య సరళ. దెప్పినా, అతను కొట్టంలో ఉంటే మాత్రం చాయ అక్కడికే తెచ్చిచ్చేది.

ఇంజన్ అయితే తయారైంది గానీ కంప్రెషన్ లేదు. మరేం లేదు, పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్లో గాలి ఎటూ పోకుండా ఇరుక్కుపోవాలి. అట్లా ఇరుక్కుంటేనే నిప్పురవ్వ తగలగానే పేలి పిస్టన్‌ను కిందికి తన్నుతుంది. ఇతని ఇంజన్‌లో గాలి నిలిస్తే కదా! చక్రం తిప్పితే ఉత్తగా గిరగిరా తిరిగేది.

"నేను ఏడికీ పోలేకున్న. గాలి మాత్రం ఎట్ల పోతుందో సూడు," అని విసుక్కునేవాడు.

డెబ్భై నాలుగులో హైదరాబాదులోని ఒక ఇంజన్ల కంపెనీ పేపర్లో ప్రకటన ఇచ్చింది. డిప్లొమా పూర్తికానివాళ్ళయినా సరే, సొంత చేత్తో చేసిన పని చూపిస్తే తీసుకుంటారట. దసరా మర్నాడు రమ్మన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, మంచాన పడ్డ మనిషి పేరు మీద పటేల్గిరి ఇంక నడవదని తాసీలు నుంచి కబురొచ్చింది. బాపు కొడుకును మంచం దగ్గరికి పిలిచాడు.

"నౌకరి దొరికితె పో. నీ చిన్నాయన కొడుకు చేస్తడు పటేల్గిరి. దొరకకుంటె దీపావళి లోపట నీ పేర రాపిచ్చుకో. మళ్ల ఆ ముచ్చట ఎత్తొద్దు."

"సరే బాపు," అన్నాడు విద్యాసాగర్. ఇన్నేళ్ళకు తలుపు ఓరగా తెరుచుకుంది, దాన్ని పూర్తిగా తెరవాల్సింది చెంబంత ఇంజన్.

ఇక చూడాలి అతని తిప్పలు. ముందు పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద అనుమానపడి సిలిండర్లో నాలుగు చుక్కల నూనె పోశాడు. రింగుల పక్కనుంచే గాలి పోతుంటే ఆ నూనె సందులు మూసి కాసేపైనా బిగువు రావాలి. రాలేదు. అంటే రింగులు బాగానే ఉన్నాయి. తర్వాత పైమూత అతుకు చుట్టూ కుంకుడుకాయ నురుగు పూసి, సైకిల్ పంపుతో లోపలికి గాలి కొట్టాడు. ఒక్క బుడగ లేవలేదు.

"కుంకుళ్ళన్ని దానికే పోస్తె నేనేంతోని తల పోసుకోవాలె?" అంది సరళ.

మిగిలినవి వాల్వులు. మూత విప్పి తిరగేసి కిరసనాయిలు పోస్తే, వాల్వు సందుల్లోంచి మెల్లగా ఊరింది. దొరికావురా దొంగా అనుకున్నాడు. మెత్తటి రాపిడి పొడిని నూనెలో కలిపి, వాల్వును అది కూర్చునే సీటు మీద పెట్టి, అరచేతుల మధ్య మజ్జిగ కవ్వంలా ఇటూ అటూ తిప్పి తిప్పి అరగదీశాడు. మధ్యలో ఊరి రైతు యాకయ్య వచ్చి "పటేలా, మా గట్టు మళ్ళ జరిపిండ్రు," అంటే, నల్లటి చేతులతోనే పోయి గట్టు చూసొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

దసరా ముందు రోజు మధ్యాహ్నం చక్రం తిప్పితే సగం తిరిగి, లోపల గాలి అడ్డం నిలిచి, వెనక్కి తన్నింది. పెట్రోలు పోసి తాడు చుట్టి లాగితే టపటపమంటూ అందుకుంది. సరళ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. వసారాలో మంచం మీద బాపు తలెత్తి, ఆ చప్పుడు ఆగేదాకా వింటూనే ఉన్నాడు.

దసరానాడు నట్టింట్లో ఆయుధపూజ. నాగలి కర్రు, గడ్డపార, గొడ్డలి, కుట్టు మిషను, వాటి మధ్య ఇంజన్. దీపం దగ్గర పెట్రోలు ఉండకూడదని విద్యాసాగర్ పెట్రోలు అందించే కార్బురేటర్ విప్పేశాడు. అది విప్పితే గాలి పీల్చే గొట్టం పైకి నోరు తెరుచుకుని ఉంటుంది, అందుకని పైన గుడ్డ కప్పాడు. అవ్వ, అంటే అతని తల్లి, ఆ గుడ్డ తీసేసింది.

"ముసుగేసినదానికి బొట్టెట్ల పెడ్తర్రా?"

బొట్టు పెట్టింది. అప్పుడు బాపు తనను మంచంతో సహా దగ్గరికి జరపమన్నాడు. అక్షింతలు తనూ వేస్తాడట. ఎడమ చేత్తో వేస్తే దీవెన కాదు, కుడిచెయ్యి లేవదు. అవ్వ ఆ చచ్చుబడ్డ గుప్పిట్లో అక్షింతలు పోసి, చేతిని రెండు చేతులా పట్టుకుని ఇంజన్ మీదికి ఎత్తింది. వేళ్ళు విడిపోయాయి. గుప్పెడు గింజలూ ఒక్కసారిగా జారిపడ్డాయి.

"పోయిరా బిడ్డా," అన్నాడు బాపు.

విద్యాసాగర్ ఏడ్చాడు. ఆయన నోట ఆ మాట వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

పూజ చేసిన వస్తువును ఆ రోజు తిప్పకూడదని అవ్వ పట్టు. తెల్లవారగానే గింజలు దులిపి, కార్బురేటర్ బిగించి, తిప్పి చూసే వ్యవధి లేక అట్లాగే బస్సెక్కి జనగామ పోయి రైలందుకున్నాడు.

కంపెనీలో తాడు లాగాడు. చక్రం ఉత్తగా తిరిగింది. మళ్ళీ లాగాడు. గాలి లేదు, బిగువు లేదు, ఏమీ లేదు. నూనె చుక్కలు వేసినా అంతే.

"ఏమండీ, నడుస్తలేదా?" కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరు అతని యాసను పట్టి సాగదీశాడు. పక్కనున్నాయన నవ్వాడు.

"మొన్న నడిచింది సార్. జర టైమిస్తె వాల్వు విప్పి చూస్త."

"అందరివీ మొన్న నడిచినవేనండీ. బయట చాలామంది ఉన్నారు."

ఇంటికొచ్చేసరికి బాపు గుమ్మం వైపే చూస్తున్నాడు. "కాలే బాపు," అన్నాడు విద్యాసాగర్. ముసలాయన అక్షింతలు వేసిన తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

"నేను మనసు నిండ వేసిన బిడ్డా. ఒట్టు."

దీపావళి లోపల విద్యాసాగర్ పటేల్గిరి తన పేర రాయించుకున్నాడు. ఇంజన్‌ను అటక మీదికి తోశాడు. వాల్వు అరగదీయడం కూడా చేతకాని తనకు ఇంజన్లెందుకు? ఏడాదంతా దానివైపు చూడలేదు. మళ్ళీ దసరా వచ్చింది.

"ఇంజన్ ఏది?" అన్నాడు బాపు. "పూజకు తియ్యి."

దుమ్ము దులుపుతుంటే చెయ్యి ఊరుకోలేదు. వసారాలోనే కూర్చుని మూత విప్పాడు. గాలి పీల్చే వాల్వుకూ సీటుకూ మధ్య ఏదో నలిగి అతుక్కుని ఉంది. గోటితో గీకితే ఊడొచ్చింది. బియ్యపు గింజ. ఒకవైపు మసిబారింది, ఒకవైపు ఇంకా పసుపుపచ్చగా ఉంది.

"ఏమన్న దొరికిందా?" మంచం మీద నుంచి అడిగాడు బాపు.

విద్యాసాగర్ పిడికిలి మూశాడు. "ఏం లేదు బాపు. రింగు సరిగ లేకుండె. నా పనే గట్లున్నది."

సాయంత్రం పూజలో అవ్వ మళ్ళీ ఆ గుప్పిట్లో అక్షింతలు పోసి, చేతిని ఇంజన్ మీదికి ఎత్తబోయింది. విద్యాసాగర్ ఇంజన్‌ను పక్కకు జరిపి, ఆ చేతి కింద తల పెట్టాడు.

"దానికొద్దు బాపు. నాకు వెయ్యి."

"ఏమని దీవించాలె బిడ్డా?"

అతను తల ఇంకాస్త వంచాడు. వేళ్ళు విడిపోయి, గింజలు జుట్టులోనూ మెడమీదా పడ్డాయి. వాకిట్లోంచి యాకయ్య గొంతు వినిపించింది.

"పటేలా, ఇంట్లున్నరా?"

"ఉన్న యాకయ్యా," అన్నాడు విద్యాసాగర్, తల ఎత్తకుండానే. "ఏడికి పోత?"