యాదమ్మ చిట్టి, నా నల్లబల్ల

1988లో మా బ్యాంకు నన్ను మహబూబ్‌నగర్ నుంచి నకిరేకల్ శాఖకు ఫీల్డ్ ఆఫీసరుగా బదిలీ చేసింది. ఫీల్డ్ ఆఫీసరంటే, అప్పిచ్చిన బర్రె బతికే ఉందా, దాని చెవికి బీమా వాళ్లు వేసిన బిళ్ల ఇంకా ఉందా అని ఊరూరా తిరిగి చూసి సంతకం పెట్టే అధికారి. హోదాలో మేనేజరుకు కింద, క్లర్కుకు పైన. బర్రెల లెక్కలో నా స్థానమేమిటో చివరిదాకా తెలియలేదు.

శాఖ గుమ్మం పక్కన ఒక నల్లబల్ల ఉండేది. డిపాజిట్ల వడ్డీ రేట్లు, సెలవు దినాలు దాని మీద రాయాలని నియమం. రేట్లు అరుదుగా మారేవి, సెలవులు అందరికీ ముందే తెలుసు. కాబట్టి బల్ల సగం ఖాళీ. ఆ సగంలో ప్రతి సోమవారం ఇంటి ఖర్చు, పొదుపు, అప్పుల గురించి రెండు మూడు వాక్యాలు రాయడం మొదలుపెట్టాను. ఎవరూ రాయమనలేదు, ఎవరూ వద్దనలేదు. బ్యాంకులో దీన్నే అనుమతి అంటారు.

మొదటి నెల చదివింది నేను ఒక్కణ్నే. తర్వాత ఎదురుగా సైకిలు దుకాణం నడిపే మహమూద్ భాయ్ చదవసాగాడు. ఆయన తనలో తాను చదువుకునే మనిషి కాదు. చేతిలో స్పానరు పట్టుకుని రోడ్డు మధ్యదాకా వచ్చి, చదువు రానివాళ్లకు వినబడేలా గొంతెత్తి చదివి, చివర తన వ్యాఖ్యానం కలిపేవాడు. ఒకసారి, "బర్రెను కొనేముందు రెండు పూటలు పిండి చూస్తాం. అప్పు తీసుకునేముందు ఒక్క పూట కూర్చుని ఆలోచించవద్దా?" అని రాశాను. ఆయన చదివి, "విన్నవా మల్లయ్యా? నువ్వు బర్రెను గూడ పిండకుండనే కొంటివి, ఇగ అప్పు ముచ్చట నీకెందుకు!" అన్నాడు. బజారంతా నవ్వింది. నా రాతకు అంత విలువ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. సోమవారాలు నేను రాస్తున్నది ఊరి కోసమని చెప్పుకునేవాణ్ని గానీ, నిజానికి ఆ గొంతు కోసం.

మహమూద్ భాయ్ దుకాణం కిరాయిది. మూడో ఏడు జాగా యజమాని దాన్ని అమ్మకానికి పెట్టి, పాత మనిషన్న గౌరవంతో ఆయనకు నెల రోజుల గడువిచ్చాడు. మా బ్యాంకు సైకిలు సామానుకు అప్పిస్తుంది, జాగాకు ఇవ్వదు. నేను రాసి పంపిన కాగితం పైఆఫీసు నుంచి, వెళ్లిన దానికంటే తొందరగా తిరిగి వచ్చింది. ఆయనకు మిగిలిన దారి యాదమ్మ చిట్టి.

యాదమ్మది గాజుల దుకాణం. ఇరవై మందితో పదేళ్లకు పైగా చిట్టి నడుపుతోంది. చిట్టి పాటలో ఎవరు ఎక్కువ తగ్గించుకుని పాడితే ఆ నెల సొమ్ము వాళ్లది. అయితే నిజంగా ఆపదలో ఉన్నవాడు చిట్టి ఎత్తుకునే నెల ఎవరూ పోటీ పాడకూడదని వాళ్లలో వాళ్లకొక కట్టుబాటు ఉంది. ఏ చట్టంలోనూ లేదు. ఆ నెల మహమూద్ భాయ్‌కి వదిలేయాలని అంతా ఒప్పుకున్నారు.

ఈ చిట్టి సంగతేదీ నాకు తెలియదు. జిల్లా కేంద్రంలో చిట్టీల వాడెవడో తాళం వేసి పరారయ్యాడని విన్నాను. సోమవారం ఇలా రాశాను: "రిజిస్ట్రేషను లేని చిట్టీలో సొమ్ము వేయడం, పలుపు తెంపుకున్న బర్రెకు గడ్డి వేయడమే. మేసినంతసేపే మనది." రాసి, రెండడుగులు వెనక్కి వేసి, తృప్తిగా చూసుకున్నాను కూడా.

మహమూద్ భాయ్ వచ్చాడు. ఎప్పటిలాగే గట్టిగా, అక్షరం వదలకుండా చదివాడు. వ్యాఖ్యానం లేదు. వెళ్లి పంక్చరు వేసుకున్నాడు. నాకు అప్పుడైనా తట్టి ఉండాల్సింది.

మర్నాడు యాదమ్మ నేరుగా బ్యాంకు లోపల నా టేబులు దగ్గరికి వచ్చింది.

"సారూ, ఈ ఊర్లె చిట్టి ఎంతమంది నడుపుతున్నరు?"

తెలియదన్నాను.

"నేనొక్కదాన్నే. గట్లయితే గా రాత ఎవల మీద రాసినట్టు? నిన్న పొద్దుగూకేవరకు ఆరుగురొచ్చిన్రు, మా పైసలు మాకియ్యమని."

సాధారణ విషయంగానే రాశానని చెప్పబోయి మానుకున్నాను. రాత చెరిపి, ఆమె చిట్టి నమ్మదగిందని రాస్తానంటే మేనేజరుగారు, చెరపడానికి అభ్యంతరం లేదని, బ్యాంకు గోడ మీద రిజిస్టరు కాని చిట్టీని మెచ్చుకోవడం మాత్రం కుదరదని అన్నారు. చెరిపేశాను. దాంతో సంగతి ఇంకా ముదిరింది. "యాదమ్మ సారు చేతికి గాజులు తొడిగినట్టుంది" అని హోటలులో ఎవరో అన్నారట.

ఇక మిగిలింది ఒకటే. వెళ్లిపోతానన్న వాళ్లలో ఒకడి స్థానం నేను తీసుకుని, పాట రోజున అందరికీ కనిపించేలా గాజుల దుకాణం ముందు కూర్చున్నాను. బ్యాంకు అధికారి చేయాల్సిన పని కాదు. ఆ ఆరుగురిలో నలుగురు మనసు మార్చుకున్నారు. నేనొకరి స్థానంలో చేరాను. ఆరోవాడు ఆగలేదు. అప్పటికే యాదమ్మ, పోతానన్న ఇద్దరికీ వాళ్లు కట్టిందంతా చేతిలో పెట్టింది. మాట పడ్డ మనిషి అలాగే చేస్తుంది. నేను కట్టింది ఒక్క నెల వాయిదాయే కాబట్టి ఆ నెల సొమ్ము దాదాపు అంత మేర తగ్గింది. మిగతాది రెండు నెలల్లో సర్దుతానంది. గడువు పది రోజులే ఉంది. జాగా ఎరువుల వ్యాపారికి పోయింది.

మహమూద్ భాయ్ తిరుమలగిరిలో బావమరిది పక్కన దుకాణం చూసుకున్నాడు. సామాను లారీకెక్కిస్తుంటే వెళ్లాను. ఆ సోమవారం చదవకుండా ఉంటే సరిపోయేది కదా, సగం బజారుకు తెలిసేదే కాదు కదా అని అడిగాను.

"మంచిగున్నయి చదివి, నాకు నష్టమొచ్చేది మింగుతనా సార్?" అన్నాడు. సామాను మీద తాడు బిగిస్తూ, "నువ్వు రాసింది తప్పేం గాదు. నేనైనా గట్లనే రాద్దును. జర ముందుగాల నన్నొక మాట అడగకపోతివి. రోడ్డు దాటితే ఐపాయె."

మరో అయిదేళ్లు అక్కడ బల్ల నింపాను. ఆగి చదివేవాళ్లు పెరిగారు. అందరూ మౌనంగా, పెదవులు కదపకుండా చదువుకుని వెళ్లిపోయేవారు. అక్షరాస్యతకు అది మంచి గుర్తే, సంతోషించాలి. సుద్దముక్క పెట్టేసి లోపలికి వెళ్లకుండా గుమ్మంలో కాసేపు నిలబడేవాణ్ని. ఎదుటి దుకాణంలో యూరియా బస్తాలు దించుతుండేవారు.

ఈ ఉదంతం నాకు నేర్పింది చిన్నదే. ఊరి బజారులో సాధారణ విషయమంటూ ఉండదు. డబ్బు గురించి ఏం రాసినా అది ఎవరో ఒకరి ఇంటి నంబరు. తర్వాత ఏది రాయాలన్నా ముందు బజారులో ఒక చుట్టు తిరిగి, ఆ పని ఇక్కడ ఎవరు చేస్తున్నారో కనుక్కునేవాణ్ని. అలా అడిగాక సగం వాక్యాలు రాయనే లేదు. రాసిన సగం వల్ల ఎవరికీ నష్టం జరగలేదు.