ఒళ్లు దులపని పొట్టేలు

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. అంతకుముందు ఈ సంగతిని ఒకసారి వేరొకరి చేత రాయించాను. మా ఊరి బడి పంతులు, మంచివాడే, రెండు రోజులు కూర్చుని నేను చెప్పింది రాశాడు. చదివి వినిపించమన్నాను. చివర్లో "కాలం గడిచింది, నేను వాళ్లను క్షమించాను" అని ఉంది. నేను ఆ మాట అనలేదు. ఎందుకు రాశావు సారూ అని అడిగితే, "గట్లుంటే చదివెటోళ్లకు మనసు నిమ్మలమైతదమ్మా" అన్నాడు.

ఆ కాగితాలు పొయ్యిలో పెట్టి, మనవరాలి పలక పట్టుకున్నాను. ఎక్కువసేపు కూర్చోలేను కాబట్టి బోర్లా పడుకుని దిద్దాను. ఇప్పుడు కూడా బోర్లా పడుకునే రాస్తున్నాను. నాలుగేళ్లు పట్టింది. క్షమించాను అనే మాట రాయడం కూడా నేర్చుకున్నాను, కానీ ఇక్కడ దానితో పని లేదు.

మాది గొర్రెలు కాసే ఇల్లు. నార్కట్‌పల్లి నుంచి పొద్దంతా నడిస్తే వచ్చే ఊరు, చుట్టూ రాళ్ల గుట్టలు. మామ పోయాక నా పెనిమిటి, ఆయన అన్న చేన్లు పంచుకున్నారు. మంద మాత్రం ఉమ్మడి. మందలో మాట పెద్దవాడిది, అంటే మా బావది. ఆయన ఎదురుగా వస్తే నేను కొంగు ముందుకు లాక్కుని పక్కకు నిలబడాలి. ఆయన మొహం చూసి మాట్లాడే పద్ధతి మా ఇంట్లో లేదు.

నయా పైసలు కొత్తగా వచ్చిన ఎండాకాలం అది. గడ్డి లేదు. గొర్రెపిల్లలకు ఆకు కావాలి. "దిరిసెన చెట్టెక్కి నాలుగు మండలు కొట్టమనుండ్రి" అని బావ నా వైపు చూడకుండా, గాలితో చెప్పినట్టు చెప్పి పోయాడు. ఎక్కాను. రెండో కొమ్మ మీద కాలు పెట్టగానే అది పుటుక్కున విరిగింది. కింద బండ. నాకప్పుడు ఇరవై ఏళ్లు.

నొప్పి ఎడమ పిర్రలో మొదలై మడమ దాకా దిగేది. కొన్నాళ్లు నిప్పులా, కొన్నాళ్లు చీమలు పాకినట్టు. దగ్గితే నొప్పి, తుమ్మితే నొప్పి, బిందె ఎత్తితే కళ్లముందు చీకటి. నల్లగొండ దవాఖానకు ఒకసారి తీసుకుపోయారు. మూడు నెలలు కదలకుండా పడుకోవాలన్నారు అక్కడ. ఇంటికొచ్చిన నాలుగో రోజు అత్త చేతికి చీపురు ఇచ్చింది. "పండుకుంటే ఎముకలు అతుక్కుపోతయే పిల్లా" అన్నది. ఆ తర్వాత గొర్రెలకు కుంటు వస్తే వాత పెట్టే మనిషిని పిలిపించింది. అదే ఇనుప కడ్డీ, అవే నిప్పులు. నడుము మీద అయిదు వాతలు పెట్టించారు. యారాలు, అంటే బావ భార్య, నా చేతులు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

నొప్పి కంటే ఎక్కువ కాల్చింది మాట. "కండ్లు నెత్తి మీద పెట్టుకోని చెట్టెక్కిందట. చూసి కాలు పెట్టద్దా?" బావ ఈ మాట మంద దగ్గర, కల్లు దగ్గర, పెళ్లిళ్లలో చెప్పి నవ్వించేవాడు. నేను కూడా నమ్మాను. నా తప్పే అనుకున్నాను. అయిదేళ్లు అలాగే అనుకున్నాను.

మొదట నాకు తోడుగా ఉన్నది మందలోని ముసలి కుక్క. నల్లది, ఒక చెవి చీలింది. అది మందతో పోవడం మానేసి నా కాళ్ల దగ్గర పడుకునేది. చలికాలంలో మడమ లాగుతుంటే దాని పొట్ట కింద పాదం పెట్టేదాన్ని. కదిలేది కాదు. నేను మూలిగితే తల ఎత్తి చూసి, మళ్లీ దించేది. ఇంట్లో వాళ్లెవరూ అంత కూడా చేయలేదు. రెండేళ్లు గడిచాక, కృష్ణ ఒడ్డుకు మందను తోలుకుపోతూ బావ దాన్ని తాడు కట్టి తీసుకుపోయాడు. తిరిగొచ్చేటప్పుడు అది లేదు. "తప్పిపోయింది" అన్నాడు. ముసలి కుక్క మందను వదిలి తప్పిపోదని గొర్రెలు కాసే ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ అడగడానికి నాకు నోరు లేదు.

ఆ ఏడే తల్లి చచ్చిన గొర్రెపిల్ల ఒకటి మిగిలింది. మెడ నిలవడం లేదు. బావ దాన్ని నా మంచం పక్కన పడేసి మా ఆయనతో అన్నాడు: "పండుకున్నదానికి పండుకున్నది తోడు. బతికితే మందల కలుపుదం."

గుడ్డ పేలిక పాలలో ముంచి నోట్లో పెట్టి బతికించాను. పొట్టేలుపిల్ల. పెరిగాక కూడా నా వెనకే వచ్చేది. నేను పక్కకు తిరిగి పడుకుంటే వచ్చి నా నడుముకు వీపు ఆనించి పడుకునేది. దాని ఉన్ని వేడి ఒక ఎత్తు. నెమరు వేస్తుంటే ఆ కదలిక సన్నగా, ఆగకుండా నా వెన్నుకు తగిలేది. వాతలు చేయలేనిది అది చేసింది. నిద్ర పట్టేది. "మొగుణ్ణి దూరం పండబెట్టి పొట్టేలును పక్కల ఏసుకున్నది" అని యారాలు వాడంతా చెప్పింది. చెప్పుకోనీ అనుకున్నాను. మా ఆయన నెమరు వేయడు కదా.

దానికి రెండేళ్లు నిండి, కొమ్ములు మెలితిరిగి, మెడ బలిసింది. ఉగాది ముందు మా ఆయన వచ్చి నేల చూస్తూ అన్నాడు: "నీ నొప్పి పోవాలని అన్న మైసమ్మకు మొక్కిండు. శ్రావణంల పొట్టేలు కోస్తమని."

"ఏ పొట్టేలు?"

నా పక్కనున్నదాని వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"మందల ఇరవై ఉన్నయి గదా. గిదే ఎందుకు?"

"గదే బలంగున్నదట. అన్న అత్తగారోళ్లు కూడ వస్తుండ్రు గారోజు."

అప్పుడు అర్థమైంది. మొక్కు నా పేరు మీద, కూర ఆయన అత్తగారి విస్తట్లో. నా నొప్పిని అడ్డం పెట్టి నా నొప్పికి ఉన్న ఒక్క మందునూ కోసుకుని తినాలనుకున్నారు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. ఏం చేయాలో ఆలోచించాను.

మా దగ్గర పద్ధతి ఇది. కోసే ముందు పొట్టేలు వీపు మీద, చెవుల్లో పసుపు నీళ్లు పోస్తారు. అది ఒళ్లు దులిపితే అమ్మ ఒప్పుకున్నట్టు. దులపకపోతే కత్తి ఎత్తరు. ఇంట్లో ఏదో తప్పు దాగి ఉందని, దాన్ని అందరి ముందూ ఒప్పుకోమని అడుగుతారు. నీళ్లు పడితే ఏ గొర్రె అయినా దులుపుతుంది. అందుకే ఆ సంగతి గురించి ఎవరూ ఆలోచించరు.

నేను ఆలోచించాను. నాకు నాలుగు నెలలు ఉన్నాయి.

ప్రతి పొద్దున దాన్ని బావి దగ్గర తొట్టికి తీసుకుపోయి వీపు మీద చెంబెడు నీళ్లు పోసేదాన్ని. దులిపితే మళ్లీ పోసేదాన్ని. దులపకుండా నిలబడితే పిడికెడు జొన్నలు. మొదటి నెల నేనే తడిసిపోయాను. రెండో నెల నీళ్లు పడగానే వణికి, ఆగి, నా పిడికిలి వైపు చూడడం నేర్చుకుంది. మూడో నెల చెవిలో పోసినా కదల్లేదు. వంగి నీళ్లు తోడడానికి నా నడుము పెట్టిన బాధ నాకు తెలుసు. పళ్లు బిగబట్టి తోడాను. ఒక్కో చెంబుకు ఒక్కొక్కరిని తలచుకునేదాన్ని. బావకు రెండు చెంబులు.

అత్త అది చూసి మురిసిపోయింది. "మొక్కు జీవానికి రోజూ తానం పోస్తాంది. గిప్పుడు బుద్ధి వచ్చింది పిల్లకు" అని పదిమందికి చెప్పింది. నేను తల వంచుకున్నాను.

శ్రావణంలో ఆ రోజు వచ్చింది. చెరువు కట్ట మీద మైసమ్మ గుడి. బావ అత్తగారి వాళ్లు పద్నాలుగు మంది వచ్చారు. ఊళ్లో సగం మంది ఉన్నారు. అమ్మవారి కథ చెప్పి బలి ఇప్పించే బైండ్లాయన పసుపు నీళ్లు పోశాడు. పొట్టేలు నిలబడింది. మళ్లీ పోశాడు. చెవిలో పోశాడు. నిలబడి నా వైపు చూసింది. నేను పిడికిలి కొంగులో దాచుకున్నాను. అది ఒక్కసారి దులిపితే అంతా అయిపోయినట్టే.

"ఇంటోళ్లల్ల ఎవలదో తప్పున్నది. ఒప్పుకోండ్రి" అన్నాడు బైండ్లాయన.

అత్త ముందుకొచ్చి లెంపలు వేసుకుంది. "బోనం వండుకుంట ఉప్పు సూసిన తల్లీ. ఎంగిలి చేసిన."

నీళ్లు పోశారు. దులపలేదు.

యారాలు గొంతు సన్నగా వచ్చింది. "నిరుడు అమ్మకు పెట్టిన చీర మా చెల్లె లగ్గానికి కట్టుకున్న. మల్ల ఉతికి పెట్టిన."

నీళ్లు పోశారు. దులపలేదు. గుంపులో ఎవరో ముసలాయన, "తీసుకోండ్రి, జర తీరికగ అన్నీ కక్కుండ్రి. పొట్టేలుకేం తొందర లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. ఆయనకు ఇద్దరు కొడుకులు. అమ్మవారంటే ఆయనకు నిజంగా భయం.

"ముసలి కుక్క తప్పిపోలే. కృష్ణ కాడ ఒక మందాయనకు ఇచ్చి గీ గొంగడి తెచ్చుకున్న" అన్నాడు. భుజం మీద గొంగడి తీసి కింద పెట్టాడు. రెండేళ్లుగా అది కప్పుకుని నా ముందు నుంచే నడిచాడు.

నీళ్లు. పొట్టేలు కాలు మార్చుకుంది, అంతే.

బైండ్లాయన చెంబు పక్కన పెట్టాడు. "మొక్కు ఎందుకు మొక్కిండ్రు?"

"మరదలి నడుము నొప్పికి."

"అయితే నొప్పి కాడనే ఉన్నది తప్పు. గది చెప్పు."

పొయ్యి మీద పెట్టిన ఎసరు మరుగుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడు బావ, మట్టిని చూస్తూ, చెప్పాడు. దిరిసెన కొమ్మ దానంతటది విరగలేదు. ముందు రోజు సాయంత్రం ఆయనే దాన్ని సగం నరికాడు. గొడ్డలి కామ, అంటే పిడి, ఊడిపోతే అలాగే వదిలేసి వచ్చాడు. తెల్లారి నన్ను ఎక్కమన్నప్పుడు చెప్పడం మరిచాడు. నేను పడ్డాక గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా చెప్పలేదు.

"మల్ల ఆమె కండ్లు నెత్తి మీద ఉన్నయని ఎందుకు చెప్పినవురా?" అని అడిగింది ముసలాయనే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నేను పొట్టేలును కాపాడుకుందామని వచ్చాను. నీళ్లు తోడేటప్పుడు బావ అందరి ముందు చిన్నబోతే చాలనుకున్నాను. ఈ మాట బయటికొస్తుందని నాకు తెలియదు. విన్నాక నాకు అమ్మవారి ముందు మోసం చేశానన్న భయం కూడా పోయింది. కోపం వస్తే ఆమె మాత్రం ఏం చేస్తుంది, నడుము ముందే విరిగింది కదా అనుకున్నాను.

చివరిసారి నీళ్లు పోశారు. పొట్టేలు దులపలేదు. బైండ్లాయన దాని కొమ్ములకు పసుపు రాసి తాడు విప్పాడు. "గీ జీవం అమ్మ తనకే ఉంచుకున్నది. ఇగ దీన్ని ఎవలు కోయద్దు, కొట్టద్దు, అదిలియ్యద్దు. ఏ చేన్ల మేసినా అమ్మ మేసినట్టే" అన్నాడు. బావ అత్తగారి వాళ్లు పద్నాలుగు మంది పప్పుతో తిని పోయారు.

ఇంటికి నడుస్తుంటే మా ఆయన, "పోనీయ్, కావాలని చెయ్యలే గద. మరిచిండు" అన్నాడు.

"నీ నడుమైతే పోనిత్తువా?" అన్నాను.

మరుసటి రోజు పొద్దున ఆకుల మీది తడి ఆరేదాకా ఆగాను. తడి పెసర ఆకు తింటే గొర్రె పొట్ట ఉబ్బుతుంది. ఎండ వచ్చాక పొట్టేలును తీసుకుని మెల్లగా, చెట్టుకు చెట్టుకు ఆగుతూ, బావ పెసర చేనుకు పోయాను. కాయ అప్పుడప్పుడే పడుతోంది. ఊళ్లోకెల్ల మంచి చేను. పొట్టేలును సాలులోకి వదిలి గట్టు మీద పక్కకు ఒరిగాను.

యారాలు చేను అవతలి గుడిసె నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఓ పిల్లా, చేను మేస్తాందే! కొట్టవేందే?"

"నేనెట్ల కొడుతనక్కా? అమ్మది గదా. నువ్వు కొట్టు" అన్నాను. ఆమె చెయ్యి ఎత్తి, దించుకుంది.

తర్వాత బావ వచ్చాడు, చేతిలో కట్టె. గట్టు దగ్గర ఆగాడు. నేను లేవలేదు. కొంగు లాక్కోలేదు. మొదటిసారి ఆయన మొహం చూశాను. ఎడమ కంటి కింద మచ్చ ఉందని అప్పుడే తెలిసింది.

"కట్టె కింద పెట్టు బావా" అన్నాను. "జర కూసో. చానా సేపు పడుతది."

ఆయన కూర్చోలేదు, పోలేదు కూడా. కట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒక సాలు అయిపోగానే నేను గట్టు పట్టుకుని లేచి, పొట్టేలును రెండో సాలులోకి మళ్లించాను.