ఒకటే పొయ్యి

మా అమ్మకు ఎవరి వంటా నచ్చదు. ముద్ద నోట్లో పెట్టుకోగానే "ఉప్పు లేదు" అంటుంది. పెళ్ళి భోజనాల్లో అంది, కర్మన్‌ఘాట్ గుళ్ళో పులిహోర ప్రసాదం తిని కూడా అంది. మా ఆవిడది గోదావరి వైపు. కాపురానికి వచ్చిన కొత్తలో ముచ్చటపడి పప్పుచారు చేస్తే, "బెల్లమేసి ఖరాబు చేసినవ్, ఉప్పు మర్చినవ్ బిడ్డా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆవిడ మాత్రం పకపకా నవ్వింది. అత్తాకోడళ్ళకు స్నేహం కుదిరింది ఆ మాట మీదే. ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నల్లగొండ పల్లె నుంచి వచ్చి గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ పక్కన కిరాయికి ఉన్నన్నాళ్ళూ అమ్మ వంట ఓనరు చెప్పినట్టే సాగింది. నల్లా ఆయనది, ఆయన విప్పినప్పుడే నీళ్ళు. మాంసం, చేపలు లాంటి కౌసు వండకూడదు, రోట్లో దంచకూడదు. మంచం పక్కకు జరిపి, ఆ సందులో స్టవ్ పెట్టుకుని వండేది. అందుకే ఎల్బీనగర్ దాటాక సాగర్ రోడ్డు మీదున్న ఓ చిన్న మున్సిపాలిటీలో అరవై గజాల ఇల్లు కట్టుకున్నప్పుడు, కింద గది తనకు కావాలనీ, అందులో షాబాద్ బండతో వంట గట్టు కట్టించమనీ అడిగింది. అప్పటికి నాన్న లేడు. అమ్మ నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

పైన మేం, కింద అమ్మ. ఆవిడకు జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు. మాకు అన్నం, పప్పు, ఆవకాయ. గిన్నెలు మాత్రం రోజూ మెట్లెక్కుతూ దిగుతూ ఉండేవి. కూర కిందికి వెళ్ళేది, దాని మీద వంక పైకి వచ్చేది.

మున్సిపాలిటీ కష్టం కూడా అబద్ధం కాదు. మా కాలనీలో చారెడు జాగాల్లో పోర్షన్ మీద పోర్షన్ లేచింది. నీళ్ళు చాలవు, మోరీలు పొంగుతాయి. అందుకని రెండు సంగతులు ఆలోచిస్తున్నామన్నారు. ఒకటి, నల్లా బిల్లు ఇంటికి కాకుండా వంటగదికి వెయ్యడం. రెండోది, వంద గజాల లోపు ఇంటికి ఒకటే వంటగది ఉండాలనడం. ముందు ఎవరింట్లో ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి సర్వే పెట్టారు.

వాళ్ళు వచ్చినప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పాఠం చెబుతున్నాను. మా ఆవిడ కూడా ఇంట్లో లేదు. "ఎన్ని పొయ్యిలమ్మా?" అని అడిగాడట సర్వే అతను. గడపలో కూర్చున్న అమ్మ, "ఒకటే పొయ్యి" అంది. లోపలికి తొంగి చూసే తీరిక అతనికి లేదు. అతను అడిగింది వంట గట్ల సంగతి. అమ్మకు వినిపించిన ప్రశ్న వేరు. మా ఊళ్ళో రెండు పొయ్యిలంటే తల్లీకొడుకులు వేరుపడ్డారని అర్థం. అలాంటి ఇంటి గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు.

తరవాత కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు. జనం గోల గోల చేశారు. చివరికి పెద్దలు కొంత దిగి వచ్చారు. ఇకముందు కట్టే చిన్న ఇళ్ళకే ఆ నియమం, ఇప్పుడున్న వంటగదులు బిల్లు కడితే ఉండనిస్తాం అన్నారు. అయితే సర్వేలో చెప్పినవే. చెప్పనివి తీసేయాల్సిందే. హాలంతా చప్పట్లు. రెండనీ మూడనీ చెప్పినవాళ్ళంతా బతికిపోయారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ ఉలిపికట్టె నా పక్కనే కూర్చుని ఉంది.

లేచి మా సంగతి చెప్పాను. ఆఫీసరు మంచివాడే. "పెద్దావిడ ఇక్కడే ఉన్నారు కదా. నాది వేరే కాపురం అని ఒక్క మాట అనమనండి, ఇప్పుడే మార్చేస్తాం" అన్నాడు.

అమ్మ కొంగు సర్దుకుని లేచింది. "నా కొడుకు నన్ను ఏరు పెట్టిండని చెప్పాల్నా సారూ?"

"అది కాదమ్మా, ఊరికే రాసుకోవడానికి."

"ఊరికే ఎట్లయితది? మాది ఒకటే పొయ్యి" అని కూర్చుంది.

మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, ఒక్క మాటేగా, అనేయండి. మనం ఎలా ఉంటామో వీధి వీధంతా తెలుసు."

"ఎరుకుండుడు ఏరు, నోటితోని చెప్పుడు ఏరు బిడ్డా."

పెదవి దాటితే పృథివి దాటుతుందని అమ్మ నమ్మకం. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవడిక్కావాలే నీ పరువు! రేపటి నుంచి ఏడ వండుకుంటవ్?" అని అందరిలో అరిచాను. అమ్మ నా వైపు చూడలేదు. ఆ పరువు తనది కాదని, నాదని నాకు తట్టేసరికి ఆఫీసరు పక్క వీధి సంగతికి వెళ్ళిపోయాడు.

మనుషులొచ్చి కింది నల్లా మూసేశారు, గట్టు తీసేశారు. షాబాద్ బండ పగలకుండా చూడమని మాత్రం అమ్మ వాళ్ళను బతిమాలింది. దాన్ని కడిగి గడప పక్కన వేయించి, "కూసోనీకి పనికొస్తది" అంది. స్టవ్‌ను వీధి చివర బజ్జీలు వేసే ఆమెకు ఇచ్చేసింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మకు రాలేదు, లేదా మాకు కనపడనివ్వలేదు.

ఆ సాయంత్రం గోడ పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చింది. "మీరు ఎప్పుడు తింటరు?" అని అడిగింది, చుట్టాలింటికి వచ్చినట్టు. మా ఆవిడ కంగారులో పప్పుచారు పెట్టి కంచాలు వేసింది. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చారులో ఉప్పన్నదే లేదు. అమ్మ కూడా ముద్ద పెట్టుకుంది. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని మేమిద్దరం ఆవిడ మొహం వైపే చూస్తున్నాం.

"మంచిగున్నది బిడ్డా" అంది అమ్మ, రెండో ముద్ద కలుపుకుంటూ.

మా ఆవిడ లేచి వంటగదిలోకి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు.